ఇద్దరు బియ్యం దొంగలు

శ్రీసుధ పెళ్లిలో వాన దంచి కొట్టింది. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు సామర్లకోటలోని ఆ కల్యాణమండపం ముందు మోకాలిలోతు నీళ్లు నిలిచాయి. సన్నాయి వాయించేవాళ్లు పంచెలు ఎగ్గట్టుకుని వాయించారు. తణుకు నుంచి వచ్చిన మగపెళ్లివారి బస్సు బురదలో దిగబడితే పెళ్లికొడుకు అన్నగారే దిగి నెట్టాడు. అక్షింతలు వేయడానికి వచ్చిన ప్రతి పెద్దావిడా తడిసిన చీర కుచ్చిళ్లు పిండుకుంటూ ఒకటే మాట అంది.

"చిన్నప్పుడు బియ్యం తెగ బొక్కి ఉంటావే!"

పచ్చి బియ్యం తినే ఆడపిల్ల పెళ్లికి వాన పడుతుందని ఆ వైపు అందరూ అనుకునేదే. పందిట్లో అందరూ నవ్వారు. పెళ్లికూతురు కూడా తల వంచుకుని నవ్వింది. చిన్నప్పుడు కాదు, నిన్న మధ్యాహ్నమే తిన్నానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అత్తవారిది తణుకు దగ్గర పల్లెటూరు. ఇంటి వెనకే సొంత రైసు మిల్లు. మామగారు చంద్రరావు, బావగారు హరిబాబు మిల్లు చూసుకుంటారు. భర్త ఉదయ్‌భాస్కర్ తణుకులో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతాడు. శ్రీసుధకు ఆ ఇంట్లో నచ్చనిదంటూ లేదు. పొద్దున్నే మిల్లు మోటారు మొదలవగానే కిటికీ అద్దాలు సన్నగా వణికితే ముచ్చట. పెరట్లో గేదెలు తన కొత్త గాజుల చప్పుడుకు తలలు తిప్పితే ముచ్చట. పుట్టింటివారిచ్చిన స్టీలు గ్లాసుల మీద తన పేరు, ఆయన పేరు పక్కపక్కనే చెక్కించి ఉంటే, టీ తాగే ప్రతిసారీ ఆ రెండు పేర్లనూ వేలితో తడుముకోవడం మరీ ముచ్చట.

అన్నిటికన్నా పెద్ద ముచ్చట వంటింటి పక్క కొట్టుగదిలో ఉంది. నడుమెత్తు అల్యూమినియం బియ్యం డ్రమ్ము. వచ్చిన తొమ్మిదో రోజు దాకా ఓర్చుకుంది శ్రీసుధ. పదో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కునుకు తీస్తుంటే, పిల్లిలా గదిలోకి వెళ్లింది. గది చీకటిగా ఉంది. డ్రమ్ము మూత కాస్త పక్కకు జరిగి ఉంది. ఆ సందులోంచి చెయ్యి లోపలికి పెట్టింది.

లోపల ఇంకో చెయ్యి తగిలింది.

కెవ్వుమని అరవబోయి తన నోరు తనే నొక్కుకుంది శ్రీసుధ. డ్రమ్ము అవతల పీట వేసుకుని నిలబడి ఉంది పాపాయి. బావగారి కూతురు, నాలుగేళ్ల పిల్ల. అసలు పేరు దుర్గాశ్రీ గానీ ఆ పేరు బళ్లో హాజరుపట్టీకే పరిమితం. పాపాయి రెండు బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి. పెదవి మీద ఒక గింజ అంటుకుని ఉంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వు కూడానా పిన్నీ?" అంది పాపాయి, నిండిన నోటితోనే.

శ్రీసుధకు నవ్వాగలేదు. వేలు పెదవుల మీద పెట్టుకుంది. పాపాయి కూడా వేలు పెదవుల మీద పెట్టుకుంది. అంతే, ఒప్పందం కుదిరిపోయింది.

ఆ రోజు నుంచి బడి లేని మధ్యాహ్నాలన్నీ వాళ్లవే. ఎల్కేజీ ఒంటిపూటే కాబట్టి దాదాపు అన్ని మధ్యాహ్నాలూ వాళ్లవే. చెరో గుప్పెడు తీసుకుని డ్రమ్ముకు ఆనుకుని కూర్చునేవారు.

"నీ పెళ్లికి కూడా వాన పడుద్దే పాపాయీ."

"ఎంత వాన?"

"నా పెళ్లికి పడ్డంత. బస్సులు ములిగిపోతాయి."

"అయితే నాకు పడవ కావాలి," అనేది పాపాయి. "పడవలో పెళ్లి చేసుకుంటా."

పాపాయిని శ్రీసుధకు అప్పగించింది తోడికోడలు పావనే. ఆవిడ ప్రభుత్వ బళ్లో టీచరు. ఉద్యోగం మూడు మండలాల అవతల. పొద్దున్న ఏడింటి బస్సుకు వెళితే సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరుతుంది. "నువ్వొచ్చాక నాకు ధైర్యంగా ఉంది సుధా. అత్తయ్యగారికి ఓపిక తక్కువ. దీనికి మంచి అలవాట్లు నువ్వే నేర్పాలి," అంది ఒకసారి, బస్సుకు పరిగెడుతూనే. ఆ మాటకు శ్రీసుధ వారం రోజులు పొంగిపోయింది. రెండు పూటలా బ్రష్ చేయించేది. అన్నం దగ్గర ఫోను చూడనిచ్చేది కాదు. ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా సబ్బుతో చేతులు రుద్దించేది. ఆఖరికి బియ్యం డ్రమ్ము దగ్గరికి వెళ్లేటప్పుడు కూడా ఇద్దరూ శుభ్రంగా చేతులు కడుక్కునే వెళ్లేవారు.

పాపాయి బియ్యం నమలడం ఇంట్లో ఎవరికీ తెలియదని కాదు. తెలుసు గానీ, వేరే రకంగా. చంద్రరావుగారు మిల్లుకొచ్చే ప్రతి ధాన్యం లోడు నుంచి చారెడు గింజలు చిన్న కవర్లో వేసి ఇంటికి తెచ్చేవారు. టీ తాగుతూ నాలుగు గింజలు పొట్టు నలిపి పంటి కింద పెట్టి కొరికేవారు. గింజ టక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. ఆయన కొరికి, పెరట్లోకి ఊసేసి, మనవరాలి చేతిలో కూడా నాలుగు గింజలు పోసేవారు.

"ఎలా ఉందే?"

"టక్, తాతయ్యా!"

"చూశావా అమ్మాజీ! నలభై ఏళ్ల సర్వీసున్న మా మేస్త్రీ కంటే ఇదే నయం. మిల్లోళ్ల పిల్లనిపించుకుంది."

"చాల్లెండి సంబడం. దాని పెళ్లికీ వాన తెప్పిస్తారేంటి?" అని శ్రీసుధ అత్తగారు అమ్మాజీ విసుక్కునేవారు. అందుకే పాపాయి ఆ నాలుగు గింజలూ బయట, మిగతా గుప్పెడు కొట్టుగదిలో. తాతయ్య ఊసేస్తున్నారు, మనవరాలు మింగేస్తోంది. అది ఎవరూ చూడలేదు.

అమ్మాజీగారి గర్వం మాత్రం పాపాయి రంగు. వెన్నముద్దలా తెల్లగా ఉంటుంది పిల్ల. ఇంటికెవరొచ్చినా బుగ్గ పట్టుకుని, "ఏం పెడతారండీ దీనికి, ఇలా మెరిసిపోతోంది?" అని అడగాల్సిందే. అమ్మాజీగారు చెంగు సర్దుకుని చెప్పేవారు: "ఏముందండీ, పాలే. మా గేదెల పాలే. రోజుకు లీటరు పైనే తాగుద్ది. అన్నం ముద్ద పెట్టబోతే తోసేస్తాది గానీ, పాలకు మాత్రం ఏనాడూ పేచీ లేదు."

కార్తీకమాసంలో ఒక రోజు బడి నుంచి ఫోను వచ్చింది. బాలల దినోత్సవానికి డాన్సు నేర్పుతుంటే పాపాయి మధ్యలో కూర్చుండిపోయిందట. ఆయాసపడుతోందట. శ్రీసుధ, ఉదయ్‌భాస్కర్ బండి మీద పరుగున వెళ్లి తీసుకొచ్చారు. దిష్టి తగిలిందని అమ్మాజీగారు ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. అయినా పిల్ల ఒళ్లోంచి దిగలేదు. మర్నాడు పావని సెలవు పెట్టింది. అమ్మాజీగారు, పావని, పాపాయి ఆటో ఎక్కారు. "పిన్ని కూడా రావాలి," అని పాపాయి ఏడిస్తే శ్రీసుధ కూడా ఎక్కింది.

తణుకులో పిల్లల డాక్టరు పేరు దీవెన. చూడ్డానికి నిన్నగాక మొన్న కాలేజీ వదిలిన అమ్మాయిలా ఉంది. పాపాయి కింది కనురెప్ప వేలితో లాగి చూసింది. అరచెయ్యి విప్పి తన అరచేతి పక్కన పెట్టుకుంది. రక్తపరీక్షకు రాసింది. గంట తర్వాత కాగితం చేతికొచ్చింది. డాక్టరు దాన్ని చూసింది, పాపాయిని చూసింది, మళ్లీ కాగితాన్ని చూసింది.

"హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ రెండు."

పావని కాగితం లాక్కుని చూసింది. శ్రీసుధకు చెవుల్లో మిల్లు మోటారు మోగినట్టయింది. బీఎస్సీలో హిమోగ్లోబిన్ మీద పది మార్కుల ప్రశ్నకు రెండు పేజీలు రాసిన మనిషి తను. పదకొండైనా ఉండాలి. ఆరు ఏమిటి?

"అదేంటండీ, పిల్ల అంత మెరిసిపోతుంటే!" అన్నారు అమ్మాజీగారు.

"అది తెలుపు కాదమ్మా. పాలిపోవడం. ఒంట్లో రక్తం లేక అలా ఉంది. ఏం తింటుంది పాప?"

"పాలు తాగుద్దండి. రోజుకు లీటరు పైనే." ఇన్నేళ్లుగా చెప్పిన మాటే గానీ ఈసారి గొంతు సగంలో సన్నబడిపోయింది.

డాక్టరు పెన్ను కింద పెట్టేసింది. "లీటరా!"

"గేదెపాలండి. నీళ్లు కూడా కలపం."

"అదేనమ్మా వచ్చిన చిక్కు. పాలు మంచివే, కాదనను. కానీ రక్తం పట్టడానికి కావాల్సిన ఇనుము పాలల్లో లేదు. పొట్టంతా పాలతోనే నింపేస్తే ఇక అన్నానికీ ఆకుకూరకీ గుడ్డుకీ చోటేదీ?"

"పాలు తాగితే జబ్బా? మా అబ్బాయిలిద్దర్నీ చెంబులతో తాగించి పెంచానండీ!" అని అమ్మాజీగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇంకొకటి అడుగుతాను, బాగా ఆలోచించి చెప్పండి," అంది డాక్టరు. "మట్టి గానీ, సుద్ద గానీ, బలపాలు గానీ, పచ్చి బియ్యం గానీ తింటుందా?"

"అబ్బే, అలాంటివేం లేవండి," అంది పావని వెంటనే. "ఇంట్లో మనిషి కనిపెట్టుకునే ఉంటుంది."

ఆ మనిషి శ్రీసుధే. తలెత్తేసరికి పాపాయి తన వంకే చూస్తోంది. తెల్లగా, సన్నగా ఉన్న వేలు ఎత్తి పెదవుల మీద పెట్టుకుంది.

ఆ వేలి గోరులో గులాబీరంగు లేదు. మూడు నెలలుగా రోజూ ఇరవై అంకెలు లెక్కపెట్టి కడిగించిన చెయ్యి అది. ఎన్నిసార్లు పట్టుకుందో, ఒక్కసారీ చూడలేదు. చెప్తే ఈ ఇంట్లో తల ఎలా ఎత్తుకోవాలి? పావని అక్క ఇంకెప్పుడైనా పిల్లని తన మీద వదులుతుందా? చెప్పకపోతే?

"తింటుందండి," అంది శ్రీసుధ.

మూడు తలలు ఒక్కసారే తిరిగాయి. పాపాయి వేలు అలాగే గాల్లో ఉండిపోయింది.

"బియ్యం. రోజూ గుప్పెడు. ఒక్కో రోజు రెండు."

"మీకెలా తెలుసు?" అంది డాక్టరు.

"నేనూ తింటాను కాబట్టి. ఇద్దరం కలిసే తింటాం."

తిడతారని శ్రీసుధ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి డాక్టరు బల్ల చుట్టూ తిరిగి వచ్చి తన ముందు నిలబడి ఉంది.

"పైకి చూడండి," అని శ్రీసుధ కనురెప్ప కిందికి లాగింది. "ఎన్నాళ్ల నుంచి?"

"ఇంటర్ నుంచి. ఊరికే, సరదాకి."

"మెట్లెక్కితే ఆయాసం? కళ్లు తిరగడం?"

"పెళ్లి అలసట అనుకున్నానండి."

"సరదా కాదండీ ఇది. రక్తం తక్కువైనవాళ్లకు ఇలాంటి వాటి మీదికి మనసు లాగుతుంది. అవి తింటే ఆకలి చచ్చిపోతుంది, రక్తం ఇంకా తగ్గుతుంది. పాప కూడా అల్లరికి తినలేదు. తనకేదో కావాలని తన ఒళ్లు చెప్పింది, అంతే. మనకే వినబడలేదు. మీరు కూడా రక్తం ఇచ్చి వెళ్లండి."

శ్రీసుధది ఏడు పాయింట్ ఎనిమిది వచ్చింది.

పెళ్లిలో వాన పడితే పందిరంతా నవ్విన నవ్వు గుర్తొచ్చింది శ్రీసుధకు. అంతమంది పెద్దవాళ్లు, "బియ్యం తిన్నావా" అని అడిగారే గానీ "ఎందుకు తిన్నావు" అని ఒక్కరూ అడగలేదు. తను కూడా పాపాయిని అడగలేదు. గుప్పెడు తీసిచ్చి పడవ ముచ్చట్లు చెప్పింది.

ప్రస్తుతానికి రక్తం ఎక్కించే అవసరం లేదని, ఆయాసం పెరిగితే మాత్రం క్షణం ఆగకుండా తీసుకురావాలని డాక్టరు చెప్పింది. నులిపురుగుల మందు, ఇనుము సిరప్ రాసింది. శ్రీసుధకు మాత్రలు. పాలు పొద్దున్న ఒక చిన్న గ్లాసు, సాయంత్రం ఒకటి, అంతకు మించి చుక్క కూడా వద్దంది. మందు పాలతో కాకుండా నిమ్మరసంతోనో జామకాయతోనో ఇవ్వాలంది. అన్నం తినగానే టీ తాగొద్దని శ్రీసుధకు వేరేగా చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పాపాయి అలవాటుగా పిన్ని ఒళ్లో కూర్చుంది. పావని చేతులు చాపి పిల్లని తన ఒళ్లోకి లాక్కుంది. ఊరు వచ్చేదాకా ఒక్క మాటే అంది.

"పెద్దదానివి కదా సుధా."

తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చేసరికి చంద్రరావుగారు అరుగు మీద కవర్లు పరుచుకుని కూర్చున్నారు. సంగతి విన్నాక ఆయన పంటి కింద ఉన్న గింజ అక్కడే ఆగిపోయింది. "నేను ఊసేస్తానే తల్లీ. అది మింగుతోందనుకోలేదు," అన్నారు ఎవరికో చెబుతున్నట్టు. ఆ కవర్లన్నీ ఏరి మిల్లు ఆఫీసుకు పట్టుకుపోయారు. మళ్లీ ఏనాడూ గింజ ఇంటికి తేలేదు. అమ్మాజీగారు బియ్యం డ్రమ్ము మూత మీద రుబ్బురోలు పొత్రం ఎక్కించారు.

ఉదయ్‌భాస్కర్‌కు సాయంత్రం తెలిసింది.

"అంటే, నన్ను చూసి కాదన్నమాట. మిల్లు చూసి చేసుకున్నావ్."

"ఏవండీ, నేను ఏడుస్తుంటే..."

"ఏడవకు. ఒంట్లో ఉన్నదే తక్కువ, అది కూడా పోతాది," అన్నాడు. తర్వాత లేచి వంటింట్లోకెళ్లి, జీవితంలో మొదటిసారి నిమ్మకాయ కోసి, గింజలతో సహా పిండి తెచ్చిచ్చాడు. మాత్ర వేసుకుంటూ శ్రీసుధ ఆ గింజలు కూడా మింగేసింది.

అసలు యుద్ధం మర్నాడు మొదలైంది. పాపాయి చిన్న గ్లాసు అయ్యాక ఇంకా పాలు కావాలంది. లేవన్నారు. ఏడ్చింది. పప్పన్నం పెడితే కంచం తోసింది. గుడ్డు పెడితే గేదె దగ్గర పడేసింది. మూడు రోజులు ఇల్లంతా ఒకటే రాగం. మిల్లులో హమాలీలు కూడా, "పాపాయిగారికి పాలిప్పించండయ్యా, ఆయ్, చెవులు దిబ్బళ్లేసిపోతన్నాయి," అన్నారట.

మూడో రోజు మధ్యాహ్నం శ్రీసుధ పెరట్లోకి వెళ్లింది. అరటిచెట్టు చాటున అమ్మాజీగారు. చెంగు కింద పాలగ్లాసు. ఎదురుగా చేతులు చాపుకుని పాపాయి.

అత్తగారికి ఎదురు చెప్పడమంటే శ్రీసుధకు భయం. వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు. పైగా బియ్యం తినిపించిన దోషి తను. కానీ ఒకసారి పెదవుల మీద వేలు పెట్టుకున్నందుకు ఏమైందో తనకు తెలుసు.

"అత్తయ్యగారూ, వద్దండి."

"చూడలేకపోతున్నానే! ఒక్క గ్లాసే. పావనికి చెప్పకు."

"నేను కూడా అలాగే అనుకున్నానండి. ఒక్క గుప్పెడే, ఎవరికీ చెప్పొద్దని."

అమ్మాజీగారి చెయ్యి ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మరి ఈ పాలేం చెయ్యను? పారబొయ్యనా?"

"మీరు తాగండి."

"నేనా?" అని ఉలిక్కిపడ్డారావిడ. పిల్ల ఏడుస్తూనే ఉంది. ఆవిడా ఏడుస్తూనే గటగటా తాగేశారు. మీగడ మీసంతో, గ్లాసు బోర్లించి చూసుకుంటూ, "నలభై ఏళ్లయిందే ఈ ఇంటికొచ్చి. గ్లాసు నిండా పాలు తాగడం ఇదే," అన్నారు. పాపాయి ఆ మాటకో, మామ్మ మీసానికో, ఏడుపు ఆపేసి తెల్లబోయి చూసింది.

నాలుగో రోజు పొద్దున్న పాపాయి తనంతట తనే వంటింట్లోకి వచ్చి, "ఆకలేస్తోంది," అంది. ఆ మాట ఆ ఇంట్లో ఆ పిల్ల నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు. శ్రీసుధ గరిటె పక్కన పెట్టేసింది. వేడివేడి అన్నంలో తోటకూర పప్పు కలిపి, నెయ్యి వేసి, ఒకే కంచంలో పెట్టుకుని ఇద్దరూ కూర్చున్నారు. పిన్నికో ముద్ద, పాపాయికో ముద్ద. పిన్ని ముద్ద ఆలస్యమైతే పాపాయి ఊరుకునేది కాదు.

"నువ్వు కూడా తెల్లగా ఉన్నావ్. తిను."

తర్వాత పాపాయికి సిరప్, పిన్నికి మాత్ర. ఇద్దరూ గ్లాసులు టింగుమని తగిలించుకుని నిమ్మరసం తాగేవారు. శ్రీసుధ పేర్లు చెక్కిన గ్లాసుల్లో ఒకటి పాపాయికిచ్చింది. రెండోది తను తీసుకుంది.

ఆ వారంలోనే అమ్మాజీగారు దొడ్లోంచి పెట్టిన కేకకు మిల్లు మోటారు ఆపి మరీ మగవాళ్లు పరిగెత్తుకొచ్చారు. "నల్లగా వెళ్లింది! పిల్లకి నల్లగా వెళ్లిందిరా నాయనా!" మందు వేస్తే అలాగే అవుతుందని డాక్టరు ముందే చెప్పిందని శ్రీసుధ గుర్తు చేసింది. చంద్రరావుగారు గుండె మీద చెయ్యేసుకుని అరుగు మీద చతికిలబడ్డారు. "ఆ మాట నాకు కూడా ఎవరో ఒకరు చెప్పొచ్చు కదమ్మా," అన్నారు కోడలితో.

నెల తిరిగాక మళ్లీ పరీక్ష చేయిస్తే పాపాయికి ఎనిమిది పాయింట్ తొమ్మిది. శ్రీసుధకు తొమ్మిది దాటింది. మందు ఇంకా చాలా నెలలు వాడాలని డాక్టరు చెప్పింది. పావని ఆ కాగితం కళ్లకద్దుకుంది. కానీ శ్రీసుధతో మాత్రం కావాల్సిన మాటే మాట్లాడేది. "సిరప్ వేశావా?" "వేశానక్కా." అంతే. పొద్దున్న బస్సుకు వెళ్లేటప్పుడు, "పాపాయి జాగ్రత్తండీ," అని అత్తగారికి చెప్పి వెళ్లేది. ఆ మాట ఒకప్పుడు తనకు చెప్పేది. రోజూ ఆ వేళకు శ్రీసుధ గుమ్మం దగ్గరికి రాకుండా వంటింట్లోనే ఏదో ఒకటి సర్దుతూ ఉండేది.

డిసెంబరులో మిల్లుకు కొత్త ధాన్యం వచ్చింది. ఇల్లంతా కొత్త బియ్యం వాసన. ఒక ఆదివారం అమ్మాజీగారు పొత్రం దించి, డ్రమ్ము నింపించి, "సుధా, మూడు డబ్బాలు కొలిచి కడుగమ్మా," అని పురమాయించారు.

కొట్టుగదిలో శ్రీసుధ ఒక్కతే. డ్రమ్ము మూత తీసింది. ఆ వాసన మొహానికి కొట్టింది. ఒక డబ్బా కొలిచింది. రెండో డబ్బా కొలిచింది. మూడోది సగంలో ఉండగా చెయ్యి దానంతటదే పైకి లేచింది. నాలుగు గింజలు. నాలుగే. నాలుక మీద పడ్డాయో లేదో,

"అమ్మా! పిన్ని బియ్యం తింటోంది! అమ్మా! పరిగెత్తుకురా!"

గుమ్మంలో పాపాయి. నడుం మీద రెండు చేతులు. గొంతు వీధి చివరిదాకా వినబడేలా. నెలన్నర కిందట ఎల్కేజీ డాన్సుకే ఆయాసపడ్డ పిల్లకు ఇంత గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో అని శ్రీసుధ నిర్ఘాంతపోయింది. ఆ వెంటనే తను ఎక్కడ నిలబడి ఉందో గుర్తొచ్చి డ్రమ్ము మూత గబగబా మూసేసింది. అమ్మాజీగారు వచ్చారు. చంద్రరావుగారు వచ్చారు. సబ్బు నురగ మొహంతో ఉదయ్‌భాస్కర్ వచ్చాడు. అందరి వెనక, చేతిలో సగం తరిగిన జామకాయతో, పావని.

"దొంగతనం కాదక్కా, నాలుగే... చెయ్యి దానంతటదే..." శ్రీసుధ మాట పూర్తి కాలేదు. కళ్లనిండా నీళ్లు.

పావని దగ్గరికొచ్చింది. "ఊసెయ్."

శ్రీసుధ కొంగులోకి ఊసేసింది.

"నోరు తెరు."

చిన్నపిల్లలా నోరు తెరిచింది. పావని జామకాయ ముక్క ఒకటి నోట్లో పెట్టింది. చిటికెడు ఉప్పూకారం కూడా అద్ది ఉంది. శ్రీసుధ బిత్తరపోయి నమలడం మర్చిపోయింది.

"నమలవేం? ఇందాక బియ్యం టకటకా నమిలావుగా," అంది పావని. పెదవి కొస వణుకుతోంది. కోపమో నవ్వో తెలియలేదు. అది నవ్వే. "ఆ రోజు డాక్టరు దగ్గర నువ్వు చెప్పకపోతే మేమింకా పాలు పోస్తూనే ఉండేవాళ్లం సుధా. అది నాకు ఆ పూటే తెలుసు. కోపం దిగడానికే ఇన్నాళ్లు పట్టింది."

శ్రీసుధ ఏదో చెప్పబోయింది. నోట్లో జామకాయ ముక్క అడ్డమొచ్చింది.

"రేపు ఏడింటి బస్సుకు నేను పోతాను," అంది పావని. "పాపాయిని నువ్వు చూసుకో." కూతురి వైపు తిరిగింది. "పిన్నిని నువ్వు చూసుకో. మళ్లీ డ్రమ్ము దగ్గర కనిపిస్తే ఇలాగే అరువు."

"చూసుకుంటా," అంది పాపాయి. పీట ఈడ్చుకొచ్చి డ్రమ్ము పక్కన వేసుకుని ఎక్కింది. ఒకప్పుడు బియ్యం తినడానికి ఎక్కిన పీటే. చిట్టి వేలితో పిన్ని కింది కనురెప్ప పట్టుకుంది. ఆ గోరు ఇప్పుడు లేత గులాబీరంగులో ఉంది.

"ఏదీ, పైకి చూడు."

శ్రీసుధ పైకి చూసింది. "ఎలా ఉందండీ డాక్టరుగారూ?"

"కొంచెం ఎర్రగా ఉంది. ఇంకా తోటకూర తినాలి."

"అలాగేనండి. మరి మీరు బియ్యం మానేశారు కదా. మీ పెళ్లికి వాన ఎలాగండీ?"

పాపాయి కనురెప్ప వదలకుండానే కాసేపు ఆలోచించింది.

"వాన వద్దు," అంది. "పడవ మాత్రం కావాలి."